నాలుగో అద్వైత్

మా అపార్టుమెంటులో లిఫ్టును నెలనెలా చూసిపోయే మెకానిక్ గురించి రాద్దామని కూర్చున్నాను. అతని గురించి రాయాలంటే ముందు నా గురించి కొన్ని చెడ్డ మాటలు రాసుకోవాలి, తప్పదు. నా నోరు మంచిది కాదు. ఈ సంగతి మా ఆయన ముప్ఫై తొమ్మిదేళ్లుగా చెబుతున్నాడు. నేను ముప్ఫై తొమ్మిదేళ్లుగా "మీకేం తెలుసు, ఊరుకోండి" అంటున్నాను. లెక్కల టీచరుకు నోరు లేకపోతే ఎలా? నలభై ఎనిమిది మంది పిల్లల్ని గొంతుతో కాక తాళ్లతో కట్టేస్తారా? అలా సమర్థించుకుంటూనే రిటైరైపోయాను.

అతను మా బిల్డింగుకు మొదటిసారి వచ్చింది పోయిన ఏడాది వానల్లో. లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లోపల నేను, నా కూరగాయల సంచీ. ఇరవై నిమిషాలు గడిచాయి. వాచ్‌మన్‌ను, బిల్డింగు సెక్రటరీని, అసలు లిఫ్టనేది కనిపెట్టిన మహానుభావుణ్ణి, అందరినీ వరసపెట్టి తిడుతున్నాను. పైనుంచి ఒక గొంతు వినబడింది.

"టీచర్, తలుపు దగ్గర్నుంచి కాస్త వెనక్కి జరగండి. చేత్తో తిప్పి దింపుతున్నా. కుదుపొస్తే భయపడకండి."

నేను టీచర్నని వీడికెలా తెలుసా అనుకునేలోపే లిఫ్టు మెల్లగా కిందికి దిగింది. మెట్లు దిగొచ్చి తలుపు తెరిచాడు. ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్లుంటాయి. నీలం చొక్కా, మోచేతుల దాకా గ్రీజు, పళ్ల మధ్య చిన్న టార్చిలైటు. టార్చి తీసి నవ్వాడు.

"నన్ను గుర్తుపట్టలేదా? ఆ తిట్లు వినగానే నేను మాత్రం పట్టేశాను టీచర్. నేను... నాలుగుని!"

నాకు తల కొట్టేసినట్టయింది. కూరగాయల సంచీ పట్టుకుని, థాంక్స్ అయినా చెప్పకుండా మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లిపోయాను.

అతని అసలు పేరు అద్వైత్. నాలుగు అన్నది నేను పెట్టింది. ఎందుకు పెట్టానో చెబుతాను.

అతను పుట్టిన ఏడాది మా ఊరి ఆసుపత్రి కాన్పుల వార్డులో ఒక నర్సమ్మ ఉండేదట. పిల్లల పేర్లంటే ఆవిడకు మహా సరదా. మగబిడ్డ పుడితే చాలు, తల్లి చెవి దగ్గరికి వంగి, "నీకొక్కదానికే చెబుతున్నా, ఇంకెవరికీ చెప్పకు. అద్వైత్ అని పెట్టుకో. సంస్కృతం. రెండోవాడు లేనివాడని అర్థం. నీ కొడుకు లాంటివాడు లోకంలో ఇంకొకడుండడు" అనేదట. పక్క మంచం దగ్గరికి వెళ్లి అక్కడా అదే రహస్యం చెప్పేదట. ఒక్క తల్లి కూడా గుట్టు బయటపెట్టలేదు పాపం, అందుకే ఆ ఏడాది ఊరు ఊరంతా అద్వైత్‌లే. వాళ్లు ఆరో తరగతికి నా చేతికి వచ్చేసరికి ఒక్క సెక్షన్లోనే ఐదుగురు తేలారు. ఆడుకునే స్థలంలో ఆ పేరు పెట్టి కేకేస్తే ఐదుగురూ పరిగెత్తుకొచ్చి ఒకళ్లనొకళ్లు తోసుకునేవాళ్లు.

నాకు మా నాన్న దగ్గర నేర్చుకున్న కాస్త సంస్కృతం ఉంది. అది కాస్త అని నాకు తప్ప అందరికీ తెలుసు. మొదటిరోజే ఐదుగురినీ బల్ల ముందు నిలబెట్టి, ద్వైతమంటే రెండుగా ఉండటమనీ, ముందు ఒక 'అ' చేరిస్తే రెండనేది లేకపోవడమనీ బోర్డు మీద రాసి మరీ చెప్పాను. "చూశారా, రెండోవాడు లేనివాళ్లట, ఐదుగురొచ్చారు!" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. ఆ ఊపులోనే బడిలో చేరిన వరస ప్రకారం వాళ్లకు నెంబర్లిచ్చేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. పరీక్ష పేపర్ల మీద కూడా పేరు రాయొద్దు, నెంబరు వేస్తే చాలన్నాను. దిద్దేటప్పుడు నాకు టైము కలిసొస్తుందని.

వారం తిరక్కుండానే పెద్దవాళ్లు వచ్చారు. ఒకటోవాడి తండ్రి ఆఫీసరు, హెడ్మాస్టరు గదిలో కూర్చుని కబురంపాడు. ఐదోవాడి తండ్రి ఇంజనీరు, మర్యాదగా ఉత్తరం రాశాడు. రెండోవాడి, మూడోవాడి తల్లులు గేటు దగ్గర పట్టుకుని అడిగారు. సరేనని ఆ నలుగురినీ ఇంటిపేర్లతో పిలవడం మొదలుపెట్టాను. పేపర్ల మీద మాత్రం నెంబర్లు అలాగే ఉంచాను.

నాలుగోవాడి తల్లి అందరికన్నా ఆఖర్న వచ్చింది. ఆమె మా బడి వెనక వీధిలో ఒక మేడ మెట్ల కింద ఇస్త్రీ చేసేది. మధ్యాహ్నం తిండివేళ స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది. భుజం మీద మూట, వేళ్ల మీద కాలిన మచ్చలు.

"టీచరమ్మా, మావాణ్ణి కూడా పేరు పెట్టి పిలవండమ్మా. ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న పేరు. ఇంటిపక్క పిల్లలు కూడా నాలుగు, నాలుగు అంటున్నారు" అంది.

ఒక్క మాట 'సరేనమ్మా' అంటే నా సొమ్మేం పోయేది? చుట్టూ తోటి టీచర్లున్నారు కదా, నా నోరు ఊరుకుంటుందా! "నేనేం చేయనమ్మా? రెండోవాడు లేనివాడని నువ్వు పేరు పెట్టావు, వాడు నాలుగోవాడై పుట్టాడు. వెళ్లి ఆ నర్సునడుగు" అన్నాను. స్టాఫ్‌రూమంతా పగలబడి నవ్వింది. డ్రాయింగు మాస్టారికి పొలమారింది కూడా. ఆవిడకు మా నవ్వు అర్థమైందో లేదో, తనూ కొంచెం నవ్వి, మూట సర్దుకుని వెళ్లిపోయింది. ఆ కొంచెం నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు చచ్చిపోతుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. నాకు అసలు సిగ్గు దాని తర్వాతది.

ఏడో తరగతి సగంలో రెండో అద్వైత్ తండ్రికి బదిలీ అయి బడి మారిపోయాడు. నా పుస్తకంలో ఖాళీ కనబడితే నాకు నిద్రపట్టదు. మూడోవాణ్ణి రెండు చేశాను, నాలుగోవాణ్ణి మూడు, ఐదోవాణ్ణి నాలుగు. క్లాసులో ఒక్కసారి చదివి వినిపించాను. ఆ రోజు ఇస్త్రీ ఆవిడ కొడుకు బడికి రాలేదు. అమ్మకు జ్వరమని ఇళ్లకు బట్టలందించడానికి వెళ్లాడు. వచ్చాక వాడికి విడిగా చెప్పాలని నాకు తోచలేదు. చెప్పడానికి నేనేమన్నా పిలుపు మార్చానా? వాడు నాకెప్పుడూ నాలుగే.

ఆ ఏడాది చివరి పరీక్షలకు ఒక విశేషం ఉంది. బాగా చదివే పిల్లలకు ఉచితంగా తిండీ బసా ఇచ్చి పన్నెండో తరగతి దాకా చదివించే పెద్ద బడి ఒకటి, మా బడినుంచి లెక్కల్లో మొదట వచ్చిన ఒక్కణ్ణి పంపమంది. సాయంత్రం ఐదింటికి జాబితా కావాలని హెడ్మాస్టరు నా నెత్తిమీద కూర్చున్నాడు. అద్వైత్‌ల పేపర్లు తీసి చూస్తే ఒకటి ఉంది, రెండు ఉంది, మూడు లేదు, నాలుగు మాత్రం రెండున్నాయి. ఒక నాలుగుకు తొంభై ఒకటి, బడి మొత్తం మీద అదే ఎక్కువ. ఇంకో నాలుగుకు ఇరవై ఏడు.

రెండేళ్లు దిద్దిన చేతిరాతలవి. పాత నోటుపుస్తకం ఒకటి తెరిచి పక్కన పెట్టుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. నేను తెరవలేదు. ఇంజనీరు గారబ్బాయి పేరుకెదురుగా తొంభై ఒకటి వేశాను, ఇస్త్రీ ఆవిడ కొడుక్కి ఇరవై ఏడు. అర నిమిషం పట్టలేదు. 

ఫలితాలు పెట్టిన రోజు వాడు వరండాలో నా వెనకే వచ్చాడు. "టీచర్, నేను అన్నీ చేశాను టీచర్. ఒక్కటి కూడా వదల్లేదు" అన్నాడు. "చేసినంత మాత్రాన ఒప్పవుతుందేంట్రా నాలుగూ, పో" అన్నాను.

సెలవుల్లో ఒకరోజు పాత పేపర్ల కట్టలు లెక్కచూసి గదిలో పెట్టడానికి బడికి వెళ్లాను. ఒక కట్ట జారి విడిపోయింది. ఆ తొంభై ఒకటి పేపరు చివరి కాగితం వెనక్కి తిరిగి పడింది. చిత్తు లెక్కల కింద పెన్సిలుతో చిన్నచిన్న అక్షరాలున్నాయి. 'పచ్చ గేటు వాళ్లు - చొక్కాలు ఆరు, లంగాలు రెండు. డాక్టరు గారు - ప్యాంట్లు ఐదు, దుప్పటి ఒకటి.' పరీక్ష అవగానే అందించాల్సిన బట్టలు, మరిచిపోతానని రాసుకున్నాడు.

హెడ్మాస్టరు పక్క గదిలోనే ఉన్నాడు, దగ్గు వినబడుతోంది. ఆ పెద్ద బడిలో చేరడానికి ఇంకా వారం గడువుంది. లేచి పది అడుగులు వేస్తే చాలు. నేను వేయలేదు. వేస్తే ఏమవుతుంది? మెమో ఇస్తారు. ఇంజనీరు గారు గొడవ చేస్తారు. డ్రాయింగు మాస్టారు నన్ను చూసి నవ్వుతాడు. అదీ నా భయం. కాగితాలు సర్ది, దారం కట్టి, అటక మీదికి తోసి, తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి పడుకున్నాను. తలనొప్పి అన్నాను. మా ఆయన టీ పెట్టిచ్చాడు.

వాడు మళ్లీ ఏడో తరగతిలోనే కూర్చున్నాడు. నాలుగు నెలలు వచ్చి మానేశాడు. ఏదో లిఫ్టుల వర్క్‌షాపులో చేరాడని ఎవరో అన్నారు. సరే, ఏదో ఒక పని దొరికిందిలే అని మనసుకు చెప్పుకున్నాను. నేను పాఠం చెప్పినన్నాళ్లూ నా మనసు నా మాట బాగానే వినేది.

ఇరవై ఒక్కేళ్లు గడిచాక, వాడు టార్చి నోట్లోంచి తీసి నన్ను చూసి నవ్వాడు.

ఆ తర్వాత నెలనెలా వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మూడో అంతస్తులో మా తలుపు కొట్టి, "టీచర్, బాగున్నారా? సార్ మోకాళ్లెలా ఉన్నాయి?" అని పలకరించి, మంచినీళ్లడిగి తాగేవాడు. నా దగ్గర చదువుకున్న వందలమందిలో నన్ను వెతుక్కుంటూ వచ్చి టీచర్ అని పిలిచేవాడు ఇప్పుడు ఇతనొక్కడే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తలుపు చప్పుడైతే చాలు నా గుండె దడదడలాడేది. అలాగని అతను రాని నెల ఉంటుందేమోనని కూడా బెంగగా ఉండేది.

అతని పని చూసి తీరాలి. ముందు కింద తలుపుకు 'పని జరుగుతోంది' అన్న బోర్డు తగిలిస్తాడు. ఖాళీ లిఫ్టును పైకీ కిందికీ రెండుసార్లు తిప్పి, ప్రతి అంతస్తులో తలుపుకు చెవి ఆనించి వింటాడు. "మూడో అంతస్తు దగ్గర గొణుగుతోంది టీచర్, మీ పోలికే" అంటాడు, నవ్వించడానికి. విప్పిన మరలన్నీ తన టోపీలో వేసుకుంటాడు. బిగించాక టోపీ ఖాళీ అయితేనే తల మీద పెట్టుకుంటాడు. ఈ కంపెనీలో చేరిన తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా టోపీలో మర మిగల్లేదట. అంతా అయ్యాక లిఫ్టులో తగిలించిన సర్వీసు కార్డు మీద తారీఖు వేసి, సంతకం చోట '4' అని రాసి గుండ్రంగా చుడతాడు. కంపెనీలో కూడా అందరూ అలాగే పిలుస్తారట. అతని పనిసంచీ మీద తెల్ల పెయింటుతో అదే అంకె.

ఒకసారి నేను మాటవరసకు, తాడుకు రెండోవైపు ఆ ఇనప దిమ్మలెందుకని అడిగాను.

"తూకానికి టీచర్. పెట్టె బరువెంతో అంత, దాని మీద మోసే బరువులో సగం. మీది ఆరుగురి లిఫ్టు. మనిషికి అరవై ఎనిమిది కిలోలనుకుంటే నాలుగొందల ఎనిమిది, సగం రెండొందల నాలుగు. పక్క బిల్డింగుది పదమూడు మందిది, ఎనిమిదొందల ఎనభై నాలుగు, సగం నాలుగొందల నలభై రెండు" అంటూ గ్రీజు పూసుకుంటూనే గడగడా చెప్పేశాడు. కాగితం లేదు, వేళ్లు మడవలేదు.

"మరి సూపర్‌వైజరు పరీక్ష రాయొచ్చు కదయ్యా?" అన్నాను.

"అమ్మో, అందులో లెక్కలుంటాయంట టీచర్! మనకి లెక్కలు రావని మీకంటే బాగా ఎవరికి తెలుసు?" అని నవ్వాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే నవ్వాడు. నేను లోపలికెళ్లి పొయ్యి మీద ఏమీ లేకపోయినా గరిటె పట్టుకుని నిలబడ్డాను.

పోయిన నెల పన్నెండో తారీఖున వచ్చాడు. పొద్దున పదకొండయింది. పని ముగించి, వెళ్లేటప్పుడు కార్డు మీద సంతకం పెట్టాలంటూ మా గుమ్మం బయట మెట్టు మీద కూర్చుని పాత గుడ్డతో స్పానర్లు తుడుచుకుంటున్నాడు. ముఖం వెలిగిపోతోంది. కొడుకు పుట్టి తొమ్మిది రోజులయిందట.

"టీచర్, మీరొక పని చేసిపెట్టాలి. పిల్లాడికి పేరు చెప్పాలి. మా ఆవిడ ఫోన్లో వంద పేర్లు చూపించింది. ఏ పేరు నొక్కినా సూర్యుడు, వెలుగు, విజయం, ఇవే అర్థాలు. అవి నిజమో కాదో ఎవరికి తెలుసు? మీరైతే సంస్కృతం చదివారు, ఉన్నదున్నట్టు చెబుతారు. ఒక్కటే షరతు టీచర్. ఆ పేరు వీధిలో ఇంకొకడికి ఉండకూడదు."

ఉన్నదున్నట్టు చెబుతానట.  ఏదో ఒకటి అనాలని, "మీ అమ్మగారేమంటున్నారు?" అన్నాను.

"మా అమ్మా? నాలుగుగాడి కొడుకే కదా, ఐదు అని పెట్టెయ్యండి, గొడవుండదు అంటోంది."

"అమ్మ కూడా నిన్ను నాలుగనే పిలుస్తుందా?"

"మొదట్లో పిలిచేది కాదు. ఎవరన్నా అంటే పోట్లాటకి కూడా వెళ్లేది. ఏడో క్లాసు ఫెయిలైన రోజు మాత్రం, 'ఆ పేరు నీకు ఎక్కువైందిరా, నువ్వు మొయ్యలేవు' అంది. ఆ రోజు నుంచి తనూ నాలుగే. అలవాటైపోయింది లెండి." స్పానరు సంచీలో వేసుకుని, "అన్నట్టు సూపర్‌వైజరు పరీక్షకి పేరివ్వడానికి పదిహేను ఆఖరంట. ఇంకో మూడు రోజులు మావాళ్ల పోరు పడితే మళ్లీ ఏడాది దాకా హాయి" అన్నాడు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. చెబితే ఇతను మళ్లీ ఈ తలుపు కొట్టడు. రెండూ నాకు తెలుసు. గుమ్మం దాటి చెప్పుల స్టాండు పక్కకు వచ్చాను.

"నీకు లెక్కలొచ్చు నాయనా."

"ఊరుకోండి టీచర్, మీరు కూడా!"

"ఏడో క్లాసులో నువ్వు ఫెయిలవలేదు. ఇరవై ఏడు నీవి కావు. నెంబర్లు మార్చానా, నీకు చెప్పలేదు, నాలుగు మీద రెండు పేపర్లొచ్చాయి. నీ మార్కులు ఇంజనీరు గారబ్బాయికి వేశాను. వాడివి నీకు వేశాను. పొరపాటైపోయింది."

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది.  తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అయితే నాకెన్నొచ్చాయి టీచర్?"

"తొంభై ఒకటి."

"తొంభై ఒకటి" అన్నాడు తనలో తను. మళ్లీ ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత తలెత్తి నావైపు చూశాడు. "మా ఇద్దరి చేతిరాతా మీకు తెలుసు కదా టీచర్. రెండేళ్లు దిద్దారు. చూడలేదా?"

పొరపాటు అనే మాట వెనక దాక్కుందామనుకున్నాను. అతను తలుపుకు చెవి ఆనించి వినే మనిషి, ఎక్కడ గొణుగుతోందో అక్కడే చెయ్యి పెట్టాడు.

"చూడలేదు" అన్నాను. "చూడాలనిపించలేదు. ఇస్త్రీ ఆవిడ కొడుక్కి తొంభై ఒకటి ఎలా వస్తాయనుకున్నాను."

ఎవరో లిఫ్టు బటన్ నొక్కారు. అది కిందికి వెళ్లి, పైకొచ్చి, మా అంతస్తు దాటి వెళ్లిపోయింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆ సెలవుల్లోనే. నీ పేపరు వెనక బట్టల లెక్క రాసుకున్నావు, అది చూశాను."

"అప్పటికి వాడు ఆ బళ్లో చేరిపోయాడా?"

అవునంటే సరిపోయేది. అతను సరిచూసుకోగల సంగతి కూడా కాదు. "లేదు. ఇంకా వారం ఉంది" అన్నాను.

అతను నన్ను తిట్టలేదు. తిడితే నేను ఏడ్చేదాన్ని, కాస్త తేలికపడేదాన్ని, నాకా సుఖం ఇవ్వలేదు. జేబులోంచి మణికట్టుతో ఫోను బయటికి తోసి, చేతులకు గ్రీజుందని మా చెప్పుల స్టాండు మీద పెట్టి, చిటికెన వేలితో నొక్కాడు. స్పీకరు పెట్టాడు. వెనకాల పసిపిల్లాడి ఏడుపు.

"ఏంట్రా నాలుగూ? అన్నానికి వస్తున్నావా?" అందావిడ.

"అమ్మా, ఏడో క్లాసు లెక్కల్లో నాకు తొంభై ఒకటి వచ్చాయంట."

"ఎవర్రా చెప్పింది?"

"మా టీచర్. మార్కులు తారుమారు చేశారంట. ఇక్కడే ఉన్నారు, వింటున్నారు."

 పిల్లాడి ఏడుపు మాత్రం వినబడుతోంది. ఫోను పక్కన పడేసిందేమోననుకున్నాను. అప్పుడు మెల్లగా వచ్చింది గొంతు, స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి మాట్లాడిన గొంతే, కాస్త ముసలిదయింది.

"టీచరమ్మా, ఆ రోజు వాణ్ణి చీపురు తిరగేసి కొట్టానమ్మా. అన్నీ చేశానమ్మా, అన్నీ చేశానమ్మా అని ఏడుస్తూనే ఉన్నాడు. అబద్ధాలు కూడా నేర్చావా అని ఇంకా కొట్టాను. అన్నం పెట్టలేదు. వాడు నిజమే చెప్పాడమ్మా. ఇప్పుడా దెబ్బలు నేనేం చేసుకోవాలి?"

 ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. "పిల్లాడు ఏడుస్తున్నాడు, ఉంటా" అని పెట్టేసింది.

అతను లేచాడు. స్పానర్లు లెక్కపెట్టి సంచీలో వేసుకున్నాడు. టోపీలో చెయ్యి పెట్టి ఖాళీగా ఉందని చూసుకుని తల మీద పెట్టుకున్నాడు. నేను లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చాను. ఎప్పుడూ గడగడా తాగేవాడు, ఆ రోజు గ్లాసు అందుకోలేదు.

"పేరు సంగతి మేమే చూసుకుంటాం లెండి టీచర్" అన్నాడు.

అంతే. ఆ 'లెండి'లో కోపం లేదు. పరాయివాళ్లతో మాట్లాడేటప్పుడు ఉండే మర్యాద ఉంది. మెట్లు దిగి వెళ్లిపోయాడు. లోపలి గదిలోంచి మా ఆయన గోడ పట్టుకుని వచ్చి, నా చేతిలో గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టాడు. అంతా విన్నాడు. నా నోటి గురించి మొదటిసారి ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

సాయంత్రం కిందికి వెళుతూ సర్వీసు కార్డు చూశాను. పైన పన్నెండు వరసల్లో చుట్టగీసిన నాలుగంకె. ఆ రోజు తారీఖు పక్కన నీలం సిరాతో, బడిపిల్లాడి గుండ్రటి అక్షరాల్లో, 'అద్వైత్' అని రాసి ఉంది. ఆ చేతిరాత నేను వెంటనే గుర్తుపట్టాను.

ఈ నెల వేరే మెకానిక్ వచ్చాడు. మా తలుపు కొట్టలేదు. నేనే మెట్లు దిగి వెళ్లి, అద్వైత్ రాలేదేమని అడిగాను.

"ఆయన ఈ ఏరియా వద్దని మార్పించుకున్నాడమ్మా. సూపర్‌వైజరు పరీక్షకి పేరిచ్చాడు, డ్యూటీ అయ్యాక కూర్చుని చదువుకుంటున్నాడు" అన్నాడతను.

"నాకేమైనా చెప్పమన్నాడా బాబూ?"

"లేదమ్మా. మీరెవరు?"

"ఇక్కడే ఉంటాను, మూడో అంతస్తు" అన్నాను. పిల్లాడికి ఏం పేరు పెట్టారని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. ఇంటికొచ్చేశాను.